కుక్కతో కలిపి ఎంతమంది?

విదేశానికి వెళ్ళే మనిషిని మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ రెండే. జీతం ఎంత? వెంట ఎవర్ని తీసుకెళ్తున్నావు? మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పెంచి చెప్తారు. రెండో ప్రశ్నకు జవాబు దాటేస్తారు. ఎందుకంటే మన సాయిబుల ఇళ్ళలోంచి దుబాయికో, కువైట్‌కో, దమామ్‌కో పోయినవాళ్ళలో ఎక్కువమంది వెంట ఎవర్నీ తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళే తాహతు లేదు. పెళ్ళాన్ని, పిల్లల్ని, ముసలి తల్లిని ఇక్కడే వదిలి, పెట్టెలో పచ్చడి సీసాలు సర్దుకుని విమానమెక్కారు. అలాంటి కౌమ్‌లో ఒక ఆడపిల్ల లేచి "నా కుక్కని నా వెంట తీసుకెళ్తాను" అంటే ఏమవుతుంది? ముందు నవ్వుతారు. తర్వాత "తౌబా తౌబా" అంటారు. ఆ తర్వాత డబ్బు లెక్క అడుగుతారు.

కుక్క చిన్న విషయమే కావచ్చు. కాని ఇల్లు వదిలి పోయే మనిషి తనవాళ్ళంటే ఎవరని లెక్కపెట్టుకుంటాడు, ఆ లెక్కని ఎవరు ఒప్పుకుంటారు, ఎవరు కొట్టేస్తారు అన్నది చిన్న విషయం కాదు. ఈ దేశంలో ముసల్మానుగా పుట్టినవాడికి అసలే కాదు. తన పేరు ఏ లెక్కలో ఉందో, ఏ లెక్కలోంచి జారిపోయిందో చూసుకోవడమే వాడి బతుకులో సగం పని.

నేను చెప్పే అమ్మాయిది బొర్రా. విశాఖపట్నంలో కిరండోల్ పాసింజరెక్కి, ఒకదాని తర్వాత ఒకటిగా సొరంగాలు దాటుకుంటూ కొండెక్కితే వచ్చే బొర్రా. గుహలు చూడ్డానికి జనం దిగే ఊరు. ఆ రైలు మార్గం 1960లలో వేశారు. మనుషుల కోసం కాదు, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడం కోసం. రాయి విదేశం వెళ్ళే దారి వేశాకే మనుషులకీ ఆ దారి దొరికింది. ఆ లైను పనులప్పుడు కూలీలకు టీ కాచి పోయడానికి కొండెక్కినవాడు మా ఖాలాజాన్ మామగారు. పనులయిపోయాయి, కూలీలు దిగిపోయారు. ఆయన దిగలేదు. టీ కొట్టు కాస్తా చిన్న హోటలయింది. గుహలు చూడ్డానికి వచ్చేవాళ్ళకి టీ, బన్ను, ఆమ్లెట్టు.

అరవయ్యేళ్ళయినా ఆ కొట్టు కిందున్న నేల వాళ్ళది కాదు, కాబోదు. అది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు అక్కడ నేల కొనకూడదు. ఆ చట్టం న్యాయమైనదని మా ఖాలాజాన్ ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని కాపాడుకోవడానికి ఈ కొండ ఏం చేసిందో కూడా తెలుసు. అనంతగిరి మండలంలో, ఈ బొర్రా చుట్టుపక్కల అడవుల్లోనే, ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని, కంపెనీ కూడా గిరిజనేతరుడి కిందికే వస్తుందని. ఎవరి ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నకి ఈ దేశంలో వచ్చిన పెద్ద జవాబుల్లో అదొకటి. ఆ జవాబులో మావాళ్ళు పరాయివాళ్ళే. అయినా పొరుగువాళ్ళు. కొండదొరల ఇళ్ళలో పెళ్ళికి పిలుస్తారు, రంజాన్‌కి సేమ్యా తాగడానికి వస్తారు. ఉంటున్న చోటు మనది కాకపోయినా పక్కవాడు మనవాడు కావచ్చని ఆ కుటుంబం అక్కడే నేర్చుకుంది.

కుక్క కూడా అలాగే వచ్చింది. పక్కింటి కొండదొర ముసలమ్మ కళ్ళు తెరిచీ తెరవని నల్ల పిల్లనొకదాన్ని తెచ్చి కొట్టు ముందు వదిలింది. మావాళ్ళు దానికి షేరూ అని పేరు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు నల్లోడు అన్నారు. రెండు పేర్లకీ పలుకుతుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు అర్థం చేసుకునే కుక్క. నాలాగే రెండు భాషల జీవి.

ఆ ఇంటి పెద్దాయన, అంటే నాకు వరసకి అన్న, భాయ్‌జాన్ అంటాను, పదకొండేళ్ళు గల్ఫ్‌లో ఉన్నాడు. కూతురు నర్సింగ్ చదివింది. జర్మన్ భాష పరీక్ష పాసయింది. అక్కడి ఆసుపత్రి నుంచి ఉద్యోగపు ఉత్తరం వచ్చింది. అప్పుడంది, షేరూని తీసుకెళ్తానని.

*

ముందు ఆ తీసుకెళ్ళడమంటే ఏమిటో చెప్పాలి. చాలామందికి తెలీదు. కుక్కకి టిక్కెట్టు కొంటే సరిపోదు.

జర్మనీ యూరోపియన్ యూనియన్ దేశం. మనదేశం నుంచి వెళ్ళే కుక్కకి ముందు మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్ ఎక్కించాలి. అందులో పదిహేనంకెల నంబరుంటుంది. చిప్ ఎక్కించాకే పిచ్చికుక్క జబ్బుకి టీకా వెయ్యాలి. ముందు టీకా వేసి తర్వాత చిప్ ఎక్కిస్తే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసిన ముప్పై రోజులు దాటాక రక్తం తీసి, యూరప్‌వాళ్ళు ఒప్పుకున్న ప్రయోగశాలకి పంపాలి. రక్తంలో ఆ జబ్బుని ఎదుర్కొనే శక్తి మిల్లీలీటరుకి 0.5 యూనిట్లకి తగ్గకుండా ఉందని కాగితం రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా నాలుగు నెలలు. యజమాని వెళ్ళిన రోజుకి అటూ ఇటూ అయిదు రోజుల్లోపల కుక్క వెళ్ళాలి. దాటితే అది పెంపుడు జంతువు ప్రయాణం కాదు, వ్యాపారపు సరుకు కిందికి వస్తుంది. నిబంధనలు మారిపోతాయి. చివర్లో మన ప్రభుత్వపు జంతు క్వారంటైన్ కార్యాలయం నుంచి పత్రం తీసుకోవాలి. మావాళ్ళకి అది హైదరాబాదులో. బొర్రా నుంచి హైదరాబాదు దాకా రైల్లో తేవాలంటే ఫస్టు ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో పడెయ్యాలి.

యూరప్ నయం. ఆస్ట్రేలియా అయితే మనదేశం నుంచి నేరుగా కుక్కని రానివ్వదు. తాను ఒప్పుకున్న మరో దేశంలో నెలల తరబడి ఉంచి అక్కణ్ణుంచి తీసుకెళ్ళాలి. అమెరికా 2024 ఆగస్టు నుంచి నిబంధనలు బిగించింది. పిచ్చికుక్క జబ్బు ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం. బ్రిటన్‌లో 2000 సంవత్సరం దాకా ఆర్నెల్లు కుక్కని బోనులో ఉంచేవాళ్ళు. ఈ నియమాల్లో అన్యాయం లేదు. మనుషుల్ని చంపే జబ్బు అది. కాని చదువుతుంటే ఏదో తెలిసిన వాసనే తగులుతుంది. నువ్వేమిటన్నది కాదు, ఎక్కణ్ణుంచి వస్తున్నావన్నది ముందు చూస్తారు. వీసా వరసలో నిలబడ్డ మనిషికీ అదే జాబితా. పేరులో ఖానో, అహ్మదో ఉంటే ఇంకో జాబితా.

అమ్మాయి ఈ లెక్కంతా వేసుకుంది. ఉద్యోగంలో చేరే తేదీ రెండు నెలలు వెనక్కి జరపమని ఆసుపత్రికి రాసింది. రెండు నెలల జీతం పోతుంది. ఆ మాట బయటికి రాగానే బంధువుల ఫోన్లు మొదలయ్యాయి.

*

మొదటి అభ్యంతరం దీన్ పేరుతో వచ్చింది. కుక్క నాపాక్. కుక్క ఉన్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రావు. మన ఇళ్ళలో ఇది బిస్మిల్లా నేర్చుకునే వయసులోనే నేర్చుకునే పాఠం. వీధిలో కుక్క ఒరుసుకుంటే పైజమా విప్పి పిండించిన అమ్మమ్మలు మనందరికీ ఉన్నారు. కాని ఆ పాఠంలో షరియత్ ఎంత, అలవాటు ఎంత?

నాలుగు మజ్‌హబ్‌లు దీని మీద ఒకే మాట చెప్పలేదు. షాఫయీ, హంబలీ ఆలిములు కుక్కని నాపాక్ అన్నారు. అది మూతి పెట్టిన గిన్నెని ఏడుసార్లు కడగాలన్నారు, అందులో ఒకసారి మట్టితో. మాలికీలు బతికున్న కుక్క పాక్ అనే అన్నారు. మనదేశంలో ఎక్కువమంది నడిచే హనఫీ మజ్‌హబ్‌లో కుక్క ఒళ్ళు దానంతటది నాపాక్ కాదు, దాని ఎంగిలి నాపాక్. వేటకీ, మందకీ, పొలానికీ కుక్కని ఉంచుకోవచ్చని హదీసులే చెప్తున్నాయి. ఊరికే ఉంచుకుంటే పుణ్యం రోజుకింత తరుగుతుందని కూడా చెప్తున్నాయి. శిక్షణనిచ్చిన జంతువు పట్టి తెచ్చిన వేట తినొచ్చని ఖురాన్‌లో మాయిదా సూరా నాలుగో ఆయత్ అనుమతినిచ్చింది. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకి జోడుతో బావిలో నీళ్ళు తోడిపోసిన పాపపు స్త్రీని అల్లా మన్నించాడన్న హదీసు బుఖారీలో ఉంది. పదో శతాబ్దం మొదట్లో బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ మర్జుబాన్, బట్టలు కట్టుకున్న చాలామంది కంటే కుక్కలే మేలని ఏకంగా ఒక పుస్తకం రాశాడు.

అంటే మన పెద్దలకి కుక్క ఒక సమస్యే. కాని ఆలోచించి, వాదించుకుని, తలా ఒక మాట చెప్పిన సమస్య. మన దగ్గరికి వచ్చేసరికి వాదన ఆవిరై అసహ్యం ఒక్కటే మిగిలింది. గిన్నె గురించి చెప్పిన మాటని మనం ప్రాణికి అంటించాం. నాపాకీ కడిగితే పోయేది. అసహ్యం కడిగితే పోదు. ఈ తేడా మనకి తెలియాలి. ఎందుకంటే మన గ్లాసు విడిగా పెట్టే హోటళ్ళు, మన పేరు చెప్పగానే ఇల్లు అద్దెకి లేదనే వీధులు మనం చూశాం. అంటు మాటెత్తకుండానే అంటు పాటించడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళం, ఇంకో ప్రాణి మీద దాన్ని అంత తేలిగ్గా ఎలా వాడతాం?

బొర్రా కింద ఊళ్ళో మౌల్వీసాబ్‌ని అడిగితే ఆయన నవ్వి, కాపలా కుక్క కదా, నమాజు చేసే చోటికి రానివ్వకండి, చాలు అన్నాడట. మౌల్వీసాబ్ ఒప్పుకున్నది బంధువులు ఒప్పుకోలేదు.

*

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. తెలుగులో కుక్కని పొగడాలంటే వాడే మాట విశ్వాసం. కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదంటాం. ఖురాన్ తెలుగు అనువాదాల్లో మోమిన్ అన్న మాటకి వాడిందేమిటి? విశ్వాసి. ఈమాన్‌కీ, కుక్క గుణానికీ తెలుగు ఒకే మాటనిచ్చింది. రెండు భాషల మధ్య బతికేవాడికి ఇలాంటివి గుచ్చుకుంటాయి. ఉర్దూలో ఈమాన్ వేరు, వఫా వేరు. వఫాదార్ అనేది కుక్కకి. తెలుగులో చదివే ముసల్మాను పిల్లవాడు రెండింటినీ ఒకే మాటతో నేర్చుకుంటాడు.

అందులో తప్పేం లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఈ దేశంలో ముసల్మానుని రోజూ అడిగేది రెండో అర్థంలో విశ్వాసమే. క్రికెట్ మ్యాచి రోజున, బాంబు పేలిన రోజున, ఎన్నికల రోజున "నీ విశ్వాసం ఎటు?" అని అడుగుతారు. పౌరుణ్ణి అడగాల్సిన ప్రశ్న అది కాదు. పౌరుడికి హక్కులుంటాయి, బాధ్యతలుంటాయి. తోక ఊపి చూపించాల్సిన విశ్వాసం కుక్కకి. మనల్ని ఆ ప్రశ్న అడుగుతున్నారంటే ఏ వరసలో నిలబెట్టారో తెలుస్తూనే ఉంది. అందుకే కాబోలు, కుక్క పేరెత్తితే మనకి అంత కోపం. ఉర్దూలో 'కుత్తే కీ మౌత్', తెలుగులో 'కుక్క చావు'. తిట్టు దగ్గర రెండు భాషలూ బాగానే కలిశాయి.

మంటో 'టిట్వాల్ కా కుత్తా' అనే కథ రాశాడు. కశ్మీర్‌లో రెండు సైన్యాల మధ్య చిక్కుకున్న వీధికుక్క కథ. ఒకవైపు సైనికులు దానికి ఒక పేరు పెట్టి, తమదేనని పలక కడతారు. రెండో వైపువాళ్ళు ఇంకో పేరు పెట్టి ఇంకో పలక కడతారు. చివరికి రెండువైపుల నుంచీ తుపాకులు పేల్చి చంపుతారు. చచ్చాక ఒకడు అమరుణ్ణి చేస్తాడు, ఇంకొకడు దాన్ని కుక్కగానే చూస్తాడు. దానికి సరిహద్దు తెలీదు. విశ్వాసం మాత్రం నిండా ఉంది. ఎటు చూపించినా తప్పే అయింది. షేరూ అన్నా, నల్లోడు అన్నా పలికే బొర్రా కుక్కని చూసినప్పుడు నాకు ఆ కథ గుర్తొచ్చింది. రెండు పేర్లకి పలకడం బొర్రాలో ఇంకా నేరం కాలేదు. అది చాలా పెద్ద సంగతి.

*

రెండో అభ్యంతరం బరువైనది. అది భాయ్‌జాన్ నోటినుంచి వచ్చింది.

గల్ఫ్ దేశాల్లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఒక గీత దాటాలి. ఎమిరేట్స్‌లో 2019 నుంచి ఆ గీత నెలకి నాలుగు వేల దిర్హములు, లేదా మూడు వేలు, కంపెనీ ఇచ్చిన ఇల్లు. కట్టడాల్లో, హోటళ్ళలో, దుకాణాల్లో పనిచేసే మనవాళ్ళలో చాలామంది ఆ గీత కిందే ఉంటారు. భాయ్‌జాన్ పదకొండేళ్ళూ ఆ గీత కిందే ఉన్నాడు. రెండేళ్ళకొకసారి వచ్చి నెల రోజులుండి పోయేవాడు. కూతురు పుట్టినప్పుడు లేడు. తల్లి పోయినప్పుడు జనాజాకి అందలేదు.

ఆయన అన్నది ఒక్కటే మాట. "నిన్నూ మీ అమ్మనీ నేను తీసుకెళ్ళలేకపోయానమ్మా. కుక్కకి కాగితాలు దొరుకుతాయా?"

ఈ మాటకి మౌల్వీసాబ్ దగ్గరా, డాక్టరు దగ్గరా జవాబు లేదు. మనుషుల్ని తీసుకెళ్ళలేని లోకంలో జంతువుని తీసుకెళ్ళడం ధర్మమేనా? లక్షలు ఖర్చుపెట్టి కుక్కని విమానమెక్కించే డబ్బుతో ఇద్దరు పిల్లల చదువు గడుస్తుంది కదా? జంతు ప్రేమికుల్లో చాలామంది ఈ ప్రశ్నని పట్టించుకోరు. వాళ్ళలో ఎక్కువమందికి గీత కింద నిలబడాల్సిన అవసరం రాలేదు.

మనవాళ్ళ చరిత్రలోనే ఈ ప్రశ్నకి సిగ్గుపడాల్సిన ఉదాహరణ ఒకటుంది. జునాగఢ్ నవాబు మూడో మహబత్ ఖాన్. వందలాది కుక్కల్ని పెంచినవాడు. కుక్కకి పెళ్ళి చేసినవాడు. హిందువులు ఎక్కువున్న సంస్థానాన్ని 1947 ఆగస్టులో పాకిస్తాన్‌లో కలుపుతున్నట్టు ప్రకటించాడు. పరిస్థితి తిరగబడగానే అక్టోబరు ఆఖర్లో కుటుంబంతో, కుక్కలతో విమానంలో కరాచీ వెళ్ళిపోయాడు. విమానంలో కుక్కలకి చోటు చాలక ఒక బేగంని వదిలేశాడని కూడా చెప్పుకుంటారు. ఆ ముక్క నిజమో కల్పనో గాని, నిజం తేలిన ముక్క చాలు. తన మాట వల్ల చిక్కుల్లో పడిన ప్రజలు, వాళ్ళలో ముసల్మానులు, అక్కడే మిగిలారు. కుక్కలు వెళ్ళాయి. నవాబుకి కుక్కల మీద ఉన్నది ప్రేమ కాదనను. గిర్ సింహాల్ని బతికించిన పేరు కూడా ఆయనకుంది. కాని ఆయన లెక్కలో కుక్కలు చేరాక మనుషులు తగ్గిపోయారు.

దీని పక్కన తణుకు డాక్టరు కథ పెట్టి చూడండి. గిరికుమార్ పాటిల్. వైద్యం చదవడానికి ఉక్రెయిన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. చిరంజీవి సినిమాలో చిరుతని చూసి ముచ్చటపడినవాడు, ఒక జాగ్వార్‌నీ ఒక నల్ల చిరుతనీ పెంచాడు. 2022లో యుద్ధం మొదలయ్యాక మన ప్రభుత్వం ఆపరేషన్ గంగ పేరుతో విద్యార్థుల్ని తీసుకొస్తుంటే, వాటిని వదిలి రానని దాన్బాస్‌లోనే ఉండిపోయాడు. పేపర్లు ఆయన్ని సగం మెచ్చుకుని సగం ఎగతాళి చేశాయి. కొన్ని నెలలకి చేతిలో డబ్బయిపోయింది. జంతువుల్ని ఒక రైతుకి అప్పగించి పోలండ్ చేరాడు. వాటిని తెప్పించమని అక్కణ్ణుంచి ప్రభుత్వాన్ని అడుగుతూ వచ్చాడు. ఆ యుద్ధంలోనే కేరళ వైద్య విద్యార్థిని ఒకామె జైరా అనే హస్కీ కుక్కపిల్లని ఎత్తుకుని సరిహద్దు దాటి వచ్చింది. అలాంటివాళ్ళ కోసం మన ప్రభుత్వం ఒక్కసారికని కాగితాల నిబంధన సడలించింది కూడా.

చిరుతని ఇంట్లో పెంచడం నేను మెచ్చను. అది అడవిది. కాని తెచ్చిపెట్టుకున్నాక, దాని తిండి తన చేతిలోకి తీసుకున్నాక, బాంబులు పడుతుంటే తలుపేసి పోవడం మాత్రం ఏం ధర్మం? బాధ్యత మొదలయ్యేది విమానాశ్రయంలో కాదు. మొదటి ముద్ద పెట్టిన రోజున. పెంచాలా వద్దా అని ఆలోచించుకోవాల్సిందీ ఆ రోజే. నవాబుకీ ఈ డాక్టరుకీ తేడా అక్కడుంది. నవాబు తాను పాలించినవాళ్ళని వదిలి ముచ్చటపడినవాటిని తీసుకెళ్ళాడు. డాక్టరు ఎవర్నీ వదిలించుకోలేదు, తాను వెనకబడ్డాడు.

మనం తెలుగు వాచకాల్లో చదువుకున్న ధర్మరాజు కథ కూడా ఇదే. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళు పడిపోయారు. ఆయన ఆగలేదు. హస్తినాపురం నుంచి వెంట వచ్చిన కుక్క మాత్రం మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకి స్వర్గంలో చోటు లేదన్నాడు. అయితే నాకూ వద్దన్నాడు ధర్మరాజు. పెళ్ళాన్నీ తమ్ముళ్ళనీ వదిలినవాడివి కుక్క దగ్గర ఆగుతావేమని ఇంద్రుడు అడగనే అడిగాడు. భాయ్‌జాన్ అడిగిందీ అదే. ధర్మరాజు జవాబేమిటంటే, చచ్చినవాళ్ళని నేను బతికించలేను, బతికుండి నన్ను నమ్ముకున్నదాన్ని వదల్లేను అని. నా చేతిలో లేనిదాన్ని చూపించి, చేతిలో ఉన్నదాన్ని వదిలెయ్యమనకు అని ఆ మాటకి అర్థం.

అమ్మాయికి ఈ కథలేవీ అక్కర్లేకపోయాయి. తండ్రితో ఆమె అన్నది ఇంతే. "అబ్బా, మీరు లేనప్పుడు మన గుమ్మంలో పడుకున్నది ఎవరు?"

నిజమే. చివరి అయిదారేళ్ళు ఆ ఇంట్లో ఉన్నది ఆడవాళ్ళే. కొట్టు మూసేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. పర్యాటకులొచ్చే ఊళ్ళో తాగి వాగేవాళ్ళకి కొదవలేదు. ఆ గుమ్మానికి అడ్డం పడుకున్నది ఆ నల్ల కుక్కే. భాయ్‌జాన్ జీతం పెరగకుండా గీత కింద నిలిపినవాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు. ఆయన లేని లోటు ఆ కుక్క తీర్చిందనను. ఆయన లేని చోట కాపలా ఉంది. ఆయన్ని ఇంటినుంచి విడదీసిన గీతకీ, కుక్కని విడదియ్యబోయిన మాటకీ మూలం ఒకటే. వీడు నీవాడా, రుజువేది, అవసరమేమిటి అని అడిగే చూపు. కుక్క వెళ్తే ఆయనకి అవమానం కాదు. ఆయనకి జరిగింది ఇంకొకరికి జరక్కుండా ఆగినట్టు.

పక్కింటి ముసలమ్మని కూడా అడిగారు. ఇక్కడే వదిలితే చూసుకుంటావా అని. చూసుకుంటానంది. పొడుక్కీ వేటకీ మనుషుల వెంట కుక్కలు తిరిగే కొండ అది, దానికి తిండి లోటుండదు. కాని ఆమె ఇంకో మాట కూడా అంది. ముసలి కుక్కయితే ఊరు కావాలంటుంది, పడుచు కుక్కయితే మనిషి కావాలంటుంది, మీ నల్లోడు ఇంకా మనిషి కుక్కే అని. ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. తీసుకెళ్ళడమే ప్రేమ, వదలడం ద్రోహం అని గీత గీయలేం. పన్నెండేళ్ళ కుక్కని గంటల తరబడి విమానపు పొట్టలో పడేసి, మంచుదేశంలో అయిదో అంతస్తులో బంధిస్తే అది కుక్క కోసం కాదు, మన కోసం. దానికి ఏది మేలో చూసి, వదలాల్సి వస్తే మంచి చేతుల్లో పెట్టి వదలాలి. చూడకుండా వదలడం, అడక్కుండా వదలడం, అది అసలు లెక్కలోనే లేనట్టు వదలడం, ఇదే తప్పు.

మర్నాడు భాయ్‌జాన్ షేరూని ఆటోలో ఎక్కించుకుని అరకు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాలుగు నెలల తర్వాత కూతురూ కుక్కా వెళ్ళారు. చిప్ నంబరు పదిహేనంకెలూ ఆయనకి నోటికొచ్చు.

*

బొర్రా గుహలకి ఒక కథ ఉంది. మేస్తున్న ఆవు ఒకటి పైనున్న రంధ్రంలోంచి గుహలోకి పడిపోయిందని, దాన్ని వెతుక్కుంటూ కాపరి లోపలికి దిగాడని, అక్కడ లింగాకారపు రాయి కనిపించిందని చెప్తారు. గుడి అలా వెలిసింది. తనమీద ఆధారపడిన ప్రాణి కోసం ఒక మనిషి చీకట్లోకి దిగితే దేవుడు కనిపించిన కథ అది.

మనకీ ఒక గుహ కథ ఉంది. జుమ్మా నాడు చాలా ఇళ్ళలో చదివే కహఫ్ సూరాలో ఉంది. తమ ఊళ్ళో ఈమాన్‌తో బతకడం కుదరక కొందరు కుర్రాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి ఒక గుహలో తలదాచుకున్నారు. అల్లా వాళ్ళని మూడు వందల తొమ్మిదేళ్ళు నిద్రపుచ్చాడు. వాళ్ళ కుక్క ముంగాళ్ళు చాపి గుమ్మంలో పడుకుంది. తఫ్సీరు రాసినవాళ్ళు దానికి ఖిత్మీర్ అని పేరు కూడా చెప్పారు. వాళ్ళు ముహాజిరులు. పట్టుబడతామన్న భయంతో పారిపోయేవాళ్ళు. మొరిగితే దొరికిపోతారు. అయినా కుక్కని తరిమెయ్యలేదు.

ఆ సూరాలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఇరవై రెండో ఆయత్. ఆ కుర్రాళ్ళు ఎంతమంది అని జనం వాదించుకుంటారు. ముగ్గురని కొందరు, అయిదుగురని కొందరు, ఏడుగురని ఇంకొందరు. వాళ్ళ సంఖ్య అల్లాకే తెలుసు, దాని మీద ఊరికే వాదించకండి అని ఆ ఆయత్ చెప్తుంది. కాని ఒకటి చూడండి. ముగ్గురన్నవాళ్ళు నాలుగోది కుక్క అన్నారు. అయిదుగురన్నవాళ్ళు ఆరోది కుక్క అన్నారు. ఏడుగురన్నవాళ్ళు ఎనిమిదోది కుక్క అన్నారు. మనుషుల సంఖ్య దగ్గర ఎవరికీ పొత్తు కుదరలేదు. కుక్కని మాత్రం ఎవరూ వదిలెయ్యలేదు.

మనం జాబితాల కాలంలో బతుకుతున్నాం. 2019లో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళలో ఎవరు శరణార్థులో చెప్పడానికి ఆరు మతాల పేర్లు రాసింది. మన పేరు రాయలేదు. ఇంకా ఎన్ని జాబితాలు వస్తాయో తెలీదు. వాటిమీద కొట్లాడాలి, కొట్లాడుతున్నాం. కాని కొట్లాడేవాడి చేతిలోనూ ఒక జాబితా ఉంటుంది. ఇంట్లో ఆడపిల్ల మాట అందులో ఉందా? అష్రాఫ్ ఇంటివాడు దూదేకుల మనిషిని తనతో సమానంగా రాశాడా? పక్కింటి కొండదొర ముసలమ్మ అందులో ఉందా? గుమ్మంలో పడుకున్న ప్రాణి ఉందా? రేపు మనం ఎక్కడికైనా పోవాల్సి వచ్చి, మీరెంతమంది అని ఎవరైనా అడిగితే, చెప్పేముందు ఒకసారి గుమ్మం వైపు తిరిగి చూసి చెప్పాలి.